క్వార్టర్‌బ్యాక్‌ని తీసేశారా? ముందు తారీఖు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు ఇంటి గ్రూపుల్లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) కబుర్లు పెడుతుంటే, ఇక్కడి నుంచి వెళ్లే ప్రశ్న దాదాపు ఒకటే: "పదహారు కోట్ల డాలర్లకి నాలుగేళ్ల ఒప్పందం అన్నారు, రెండో ఏడే బయటికి పంపీసారేటి?" జయంట్స్ జట్టు వదిలేసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డానియల్ జోన్స్ గురించి ఆ మాట.

ఆ పదహారు కోట్లూ పైకి చెప్పుకునే అంకె. గ్యారంటీ లేని జీతం ఆటగాడిని తీసేసిన రోజుతో ఆగిపోతుంది. కాబట్టి గ్యారంటీ ఎంత, అది ఏ రోజున ఖాయమవుతుంది, ఏ షరతు మీద, ఈ మూడూ తెలిస్తే చాలావరకు కథ తెలిసినట్టే.

మరో క్వార్టర్‌బ్యాక్ డెరిక్ కార్ సంగతి చూడండి. 2023 ఫిబ్రవరి 15 నాటికి జట్టులో ఉంటే 4.04 కోట్ల డాలర్లు ఖాయమవుతాయని రైడర్స్‌తో అతని ఒప్పందం. సీజన్ ఆఖరి మ్యాచ్ సూపర్ బౌల్ అయ్యింది ఫిబ్రవరి 12న. ట్రేడ్ చేద్దామంటే, అంటే వేరే జట్టుకిచ్చి బదులు ఏదైనా తీసుకుందామంటే, ఆ కాగితాలు పూర్తవ్వడానికి లీగ్ కొత్త సంవత్సరం మొదలవ్వాలి, అది మార్చి 15. అంటే డబ్బు ముందు ఖాయమవుతుంది, ట్రేడ్ తర్వాత అవుతుంది. పైగా తను ఒప్పుకోకుండా ట్రేడ్ చెయ్యకూడదన్న షరతు కార్ రాయించుకున్నాడు. ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 14న రైడర్స్ చేతికి ఏమీ రాకుండానే వదిలేసుకున్నారు. ఒప్పందం గడువు తీరే మిగతా ఆటగాళ్లు సంతకం పెట్టాలంటే మార్చి 15 దాకా ఆగాలి. తీసేసినవాడికి ఆ కట్టుబాటు లేదు. కార్ నింపాదిగా బేరమాడుకుని మార్చి 6కల్లా సెయింట్స్‌తో కుదుర్చుకున్నాడు. ఆ షరతు రాయించిన ఏజెంటుకి దండం పెట్టాలి.

ఒంట్లో బాగానే ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని సీజన్ చివర్లో బెంచీ మీద కూర్చోబెట్టారంటే, చాలాసార్లు దాని వెనక గాయం గ్యారంటీ ఉంటుంది. మామూలుగా ఖాయం కాని వచ్చే ఏడాది జీతం, ఆటగాడు గాయపడి వైద్య పరీక్షలో నెగ్గలేకపోతే ఖాయమైపోతుంది. జోన్స్‌కి అది 2.3 కోట్లు. మోకాలు తిరిగిందంటే జట్టు నెత్తిన ఆ బరువు పడ్డట్టే. 2022లో కార్‌ని, 2023లో డెన్వర్ బ్రాంకోస్ రస్సెల్ విల్సన్‌ని ఆఖరి రెండు మ్యాచ్‌లకీ పక్కన పెట్టారు. కోచ్‌లు ఆట బాగోలేదనే చెబుతారు. నమ్మేవాళ్లు నమ్మొచ్చు.

ఇక బోనస్ లెక్క. సంతకం రోజున ఇచ్చే బోనస్‌ని జీతాల పరిమితి (ఒక జట్టు ఏడాదికి జీతాల కింద పెట్టగలిగే గరిష్ఠ ఖర్చు) పద్దులో గరిష్ఠంగా ఐదేళ్లకి సమానంగా పంచి రాస్తారు. ఉద్దానంలో జీడితోట ఐదేళ్లకి గుత్తకి తీసుకుని, డబ్బంతా ముందే ఇచ్చేసి, పద్దులో ఏడాదికో వంతు రాసుకున్నట్టు. మధ్యలో తోట వదిలేస్తే రాయకుండా మిగిలిన వంతులన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆటగాడు లేడు, పద్దు ఉంది. దాన్నే డెడ్ మనీ అంటారు. జూన్ 1 దాటాక తీసేస్తే ఈ ఏడాది వంతు ఇప్పుడు, మిగతాది వచ్చే ఏడాది. జట్టుకి ఇద్దరు ఆటగాళ్లని మార్చిలోనే తీసేసి జూన్ తర్వాత తీసినట్టు రాయించుకునే వెసులుబాటు కూడా ఉంది. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు: అలా రాయించినా, జూన్ వచ్చేదాకా అతని పూర్తి పద్దు పరిమితిలోనే కూర్చుంటుంది. మార్చిలో కొత్తవాళ్లని కొనుక్కోవడానికి ఆ చోటు పనికిరాదు.

2024 మార్చిలో బ్రాంకోస్ విల్సన్‌ని వదిలించుకున్నది ఇలాగే. డెడ్ మనీ 8.5 కోట్లు, అప్పటికి రికార్డు. 5.3 కోట్లు ఆ ఏడాది, 3.2 కోట్లు 2025లో. 2024లో జట్టు మొత్తం పరిమితే 25.54 కోట్లు. ఇంత నష్టానికి ఎందుకు ఒప్పుకున్నారంటే, లీగ్ సంవత్సరం మొదలైన ఐదో రోజుకి అతను జట్టులో ఉంటే 2025 జీతం మరో 3.7 కోట్లు ఖాయమయ్యేది. 2024 జీతం 3.9 కోట్లు ఎలాగూ ఇవ్వాల్సిందే. కొత్త జట్టు ఇచ్చింది అందులోంచి తగ్గుతుంది కాబట్టి, స్టీలర్స్ సీనియర్ల కనీస జీతం 12.1 లక్షలే ఇచ్చి తీసుకున్నారు. మిగతాది డెన్వర్ కట్టింది. స్టీలర్స్ ఎక్కువిచ్చినా విల్సన్ జేబులో పైసా పెరిగేది కాదు, డెన్వర్‌కి మిగిలేది.

వేవర్స్ (తీసేసిన ఆటగాడిని మిగతా జట్లు ముందుగా అడిగే పద్ధతి) దగ్గరకొస్తే, మూడు లేక అంతకన్నా ఎక్కువ మ్యాచ్‌లకి పూర్తి జీతం మీద ఉంటే దాన్ని ఒక సీజన్‌గా లెక్కిస్తారు. అలాంటివి నాలుగు నిండని ఆటగాడిని ఎప్పుడు తీసేసినా వేవర్స్‌కి వెళ్లాల్సిందే. నాలుగు నిండినవాడు సూపర్ బౌల్ మర్నాటి నుంచి ట్రేడ్ గడువు (సీజన్ మధ్యలో ట్రేడ్‌లు ఆగిపోయే రోజు) దాకా నేరుగా స్వేచ్ఛాజీవి. గడువు దాటాక సీజన్ అయ్యేదాకా అతనికీ వేవర్సే. సీజన్‌లో మామూలుగా మర్నాడు న్యూయార్క్ సాయంత్రం 4 గంటల దాకా ఏ జట్టైనా నాకు కావాలని అడగొచ్చు. చలికాలంలో మనకది రాత్రి రెండున్నర. ఇద్దరు అడిగితే పట్టికలో అడుగున ఉన్న జట్టుకే దక్కుతాడు. అడిగిన జట్టు పాత ఒప్పందాన్ని ఉన్నదున్నట్టు మోయాలి.

ఆ మాటే ఇద్దరికి రెండు దారులు చూపించింది. బేకర్ మేఫీల్డ్‌ని పాంథర్స్ 2022 డిసెంబర్ 5న వదిలేశారు. మిగిలిన జీతం సుమారు 13.5 లక్షలే, రామ్స్ మర్నాడే తీసుకున్నారు. ఎనిమిదిన గురువారం మ్యాచ్. విజయనగరం గంటస్తంభం దగ్గర శుక్రవారం పొద్దుటి టీలు అవుతున్న వేళకి, చివర్లో 98 గజాలు నడిపించి 17-16తో రైడర్స్ మీద గెలిపించాడు. జోన్స్‌ని 2024 నవంబర్ 22న, ట్రేడ్ గడువు దాటాకే వదిలారు. మిగిలిన జీతమే కోటి డాలర్ల పైచిలుకు, దానికి తోడు గాయం గ్యారంటీ. ఎవరూ అడగలేదు. వేవర్స్ దాటి వైకింగ్స్ సాధన బృందం, అంటే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చేరాడు.

సెప్టెంబర్‌లో ఇంకో చిన్న కిటుకు కనబడుతుంది. నాలుగు సీజన్లు నిండినవాడు మొదటి వారం మ్యాచ్‌కి జట్టులో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏడాది మూల జీతం మొత్తం అడగొచ్చు, కెరీర్‌లో ఒక్కసారి. అందుకే సీనియర్ బ్యాకప్‌లకి ఫోన్లు రెండో వారంలో మోగుతాయి.