కొత్త టేబుల్ సా: పనస పలక మీద తొలి కోతలు

విజయనగరంలో మా పెరటి షెడ్డులోకి టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చే యంత్రం) వచ్చేసింది. 10 అంగుళాల బ్లేడు, 1,800 వాట్ల మోటారు. ఇకమీదట పలకలు పొడవుగా చీల్చడానికి సామిల్లుకి మోసుకెళ్లక్కర్లేదు.

కరెంటు సంగతి ముందు. నడిచేటప్పుడు 8 ఆంపియర్లే లాగుతుంది గానీ, స్టార్ట్ అయ్యేటప్పుడు అంతకు చాలా ఎక్కువ కావాలి. అందుకే 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించి, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించాను. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే వైరు వేడెక్కుతుంది, మోటారు మూలుగుతుంది.

కోత మొదలెట్టే ముందే బ్లేడు తిన్నగా ఉందో లేదో చూశాను. ప్లగ్గు తీసి, ఒక పన్ను మీద మార్కర్‌తో గుర్తుపెట్టి, మైటర్ గేజ్ (అడ్డకోతకి చెక్కని ఆనించి తోసే పట్టీ) నడిచే గాడి నుంచి దాని దూరం కొలిచాను. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్లీ కొలిస్తే అర మిల్లీమీటరు తేడా వచ్చింది. అడుగున బోల్టులు వదులు చేసి సర్దాను. ఫెన్స్ (పొడవుకోతకి చెక్కని ఆనించే పక్క పట్టీ) కూడా ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. వెనక భాగం బ్లేడు వైపు ఒరిగితే చెక్క ఇరుక్కుని మన మీదకే ఎగిరొస్తుంది.

తొలి కోతకి పనస తీసుకున్నాను. బొబ్బిలి వీణలు చెక్కేది ఈ కర్రతోనే. ఇంట్లోకి పీటలు చేద్దామని అంగుళం మందం పలకలు ఆరబెట్టి ఉంచాను. యంత్రంతో వచ్చిన 24 పళ్ల బ్లేడుతో పొడవుకోత హాయిగా సాగింది, అంచు మీద చిత్రిక పని చాలా తక్కువ. ఒక పలక మాత్రం సగం తెగేసరికి వెనక కోత మూసుకుపోయి, బ్లేడు వెనకే ఉండే సన్న రేకుని, అంటే రైవింగ్ నైఫ్‌ని గట్టిగా పట్టేసింది. స్విచ్ ఆపి, బ్లేడు ఆగాక కోతలో సన్న చీల దిగ్గొట్టి ముందుకెళ్లాను. ఆ రేకే లేకపోతే చెక్క బ్లేడు వెనక పళ్లకి తగిలేది. దయచేసి ఎవరూ దాన్ని ఊడదీసి పక్కన పెట్టకండి. ఇరుకు కోతలకి పుష్ స్టిక్ (చెక్కని ముందుకి తోసే కర్ర) తప్పదు, చేతికి గ్లౌజులు మాత్రం వద్దు.

అడ్డకోత అంత బాలేదు, అడుగున పెచ్చులు లేచాయి. మాస్కింగ్ టేపు అంటిస్తే కొంత తగ్గింది. అడ్డకోతకి 60 పళ్ల బ్లేడే కావాలి. మైటర్ గేజ్ గాడిలో ఆడుతోంది, ధరకి తగ్గట్టు లేదనిపించింది. 12 ఎంఎం ప్లైవుడ్‌తో స్లెడ్ (చెక్కని పెట్టి గాడిలో జరిపే పలక) చేసుకున్నాకే పీట కాళ్లు కోస్తాను.

పసుపుపచ్చటి పొట్టు షెడ్డంతా పరుచుకుంది. వెనక గొట్టానికి వ్యాక్యూమ్ తగిలించినా సన్నటి దుమ్ము గాల్లోనే ఉంటోంది, మాస్కు తీయడం లేదు.