అరిగిన గేరును కొలిచి, అరగని గేరును గీయడం

విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులకు, రైసు మిల్లులకు విడిభాగాలు చేసిపెట్టే మాలాంటి చిన్న వర్కుషాపులకు వచ్చేది చాలావరకు డ్రాయింగు లేని పనే. యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడి ఉంటుంది, లేదా ఆ మోడలును ఆపేసి ఉంటుంది. మిల్లు ఫిట్టరు గోనెగుడ్డలో చుట్టి తెచ్చిన అరిగిన గేరునో, విరిగిన బ్రాకెట్టునో బల్లమీద పెట్టి "ఇలాంటిదే ఇంకోటి చేసిపెట్టండి బాబూ" అంటాడు. త్రీడీ స్కానర్లు మన ఊళ్ళ దాకా వచ్చాక "స్కాన్ చేస్తే అయిపోతుంది కదా" అన్న మాట కూడా దానికి తోడైంది. అయితే ఆ వస్తువు కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలాంటిది అతనికి కావాలి. స్కానరు ఇచ్చేది ఇప్పుడు ఉన్న రూపాన్ని మాత్రమే; అప్పటి రూపాన్ని మనం లెక్కగట్టి రాబట్టుకోవాలి.

మేము వాడే రకం స్కానరు వస్తువు మీద వెలుగు చారలను పరుస్తుంది. ఆ చారలు ఎలా వంగాయో రెండు కెమెరాలు పక్కపక్క కోణాల నుంచి చూస్తాయి. ఆ వంపును బట్టి సాఫ్ట్‌వేరు లక్షలాది బిందువుల స్థానాలను త్రికోణమితి ద్వారా లెక్కించి, వాటిని చిన్న చిన్న త్రిభుజాలతో కలిపి ఎస్‌టీఎల్ అనే రకం ఫైలుగా రాస్తుంది. ఆ ఫైలులో రంధ్రమంటూ ఏదీ ఉండదు, రంధ్రం గోడను పోలిన త్రిభుజాలు ఉంటాయి. మిల్లీమీటర్లా, అంగుళాలా అన్న సంగతి కూడా అందులో ఉండదు. మెరిసే ఉక్కు, నల్లటి గ్రీజు మరక రెండూ స్కానరుకు శత్రువులే కనుక ముందు శుభ్రంగా కడిగి, తెల్లటి పొడి స్ప్రే చేయాలి. ఎంత తెల్లగా చేసినా లోతైన బోరు (షాఫ్టు దూరే రంధ్రం) లోపలి గోడ, కీవే (గేరు షాఫ్టు మీద జారకుండా తాళపు ముక్క కూర్చునే గాడి) అడుగుభాగం వంటి చోట్లకు కెమెరా చూపు చేరదు. దురదృష్టవశాత్తు కొలత కచ్చితంగా కావలసినవి తరచుగా ఆ చోట్లే.

అక్కడ వస్తువును తాకి కొలిచే ప్రోబు పనికొస్తుంది. కొనకు కెంపు గోళీ ఉన్న టచ్ ప్రోబును డేవిడ్ మెక్‌మర్ట్రీ 1972లో, రోల్స్ రాయిస్‌లో పనిచేస్తున్నప్పుడు, కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజనుకు సంబంధించిన కొలతల అవసరం కోసం రూపొందించాడు; మరుసటి ఏడాది రెనిషా కంపెనీ మొదలైంది. మా దగ్గర అలాంటి ప్రోబునే మిల్లింగు సెంటరు (లోహాన్ని చెక్కే కంప్యూటరు యంత్రం) స్పిండిలులో బిగించి వాడతాము. గోళీ తగిలిన క్షణంలో యంత్రానికి తెలిసేది గోళీ మధ్యబిందువు మాత్రమేనని, అది తగిలిన చోటు కాదని గుర్తుంచుకోవాలి. 2 మి.మీ. వ్యాసం గల గోళీతో 30 డిగ్రీలు వాలిన తలాన్ని నేరుగా పైనుంచి తాకి, గోళీ వ్యాసార్ధాన్ని కూడా నిలువుగానే తీసివేస్తే 0.15 మి.మీ. తేడా వస్తుంది. అందుకే వాలు తలాలనూ వంకర తలాలనూ స్కానరుకు వదిలి బోరు, ముఖతలం, కీవే, బోల్టు రంధ్రాలను ప్రోబుతో తీసుకుంటాను. తర్వాత బోరు అక్షాన్నీ ఒక ముఖతలాన్నీ ఆధారంగా పెట్టుకొని స్కానును ఆ ఆధారాలకు కూర్చుతాను. ఈ కూర్పు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన స్కానరు తీసిన బిందువులైనా బొమ్మగా చూసుకోవడానికే తప్ప తయారీకి పనికిరావు.

ఇక గేరు దగ్గరికి వద్దాం. పాత బ్రిటిష్ యంత్రాల కొలతలు అంగుళాలలో ఉంటాయి. షాఫ్టు 44.37 వచ్చిందంటే అది అరిగిన ఒకటీ ముప్పావు అంగుళాలు, అంటే 44.45 మి.మీ. అయివుండే అవకాశం ఎక్కువ. పళ్ళ పరిమాణం కూడా మాడ్యూలులో (జత గేర్ల పళ్ళు కలిసే వృత్తపు వ్యాసాన్ని మి.మీ.లో తీసుకుని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వచ్చేది) కాకుండా డీపీలో (అదే వ్యాసంలో అంగుళానికి ఎన్ని పళ్ళు అన్న లెక్క) ఉంటుంది. 8 డీపీ గేరును మాడ్యూలులోకి మారిస్తే 3.175 వస్తుంది. దగ్గరగా ఉంది కదా అని 3.25 కట్టరు పెట్టామంటే, 40 పళ్ళ గేరు బయటి వ్యాసం 133.35కు బదులు 136.5 అవుతుంది. ప్రెషర్ యాంగిల్, అంటే పళ్ళు ఒకదాన్నొకటి నెట్టే కోణం, ఇరవై డిగ్రీలా, పాతకాలపు పద్నాలుగున్నరా అన్నది కంటితో తేలదు. దానికి స్కానరు కన్నా పళ్ళ మధ్య దూరే బిళ్ళలున్న డిస్కు మైక్రోమీటరు మేలు. నాలుగు పళ్ళ మీద ఒక కొలత, ఐదు పళ్ళ మీద మరో కొలత తీసి, రెండింటి తేడా చూస్తే బేస్ పిచ్ (గేరు పంటి వంపుకు ఆధారమైన వృత్తం మీద పంటికీ పంటికీ ఉండే దూరం) తెలుస్తుంది. 8 డీపీకి ఆ తేడా 9.37 మి.మీ. వస్తే 20 డిగ్రీలు, 9.66 వస్తే 14.5. పళ్ళన్నీ సమానంగా అరిగి ఉంటే ఆ అరుగుదల రెండు కొలతల్లోనూ ఒకేలా ఉండి తీసివేతలో కొట్టుకుపోతుంది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే విషయం అదే. జత గేరు పళ్ళు కూడా లెక్కపెట్టి, యంత్రం మీద రెండు షాఫ్టుల మధ్యదూరం కొలిపించుకుంటే అనుమానం తీరుతుంది: 40, 20 పళ్ళ జతకు 8 డీపీలో అది 95.25 రావాలి. ఇన్ని సంఖ్యలు ఒకదానితో ఒకటి పొసిగిన తర్వాత స్కాను చేసే పని హబ్బు, ఆకులు, మూలల వంపులకే పరిమితమవుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది పలాస వైపు నుంచి వచ్చే జీడిపిక్కలు కోసే యంత్రపు బ్లేడు. పిక్క ఒంపును అనుసరించే ఆ అంచుకు పట్టికలో దొరికే సూత్రం ఏదీ లేదు. అక్కడ స్కానరే దిక్కు. కానీ బ్లేడును చాలాసార్లు నూరి ఉంటారు కాబట్టి ఒంపు దొరికినా అంచు మొదట ఎక్కడ ఉండేదో దొరకదు. దాన్ని బిగింపు రంధ్రాల నుంచి, వీలైతే నూరని ఎదుటి బ్లేడు నుంచి తీసుకోవాలి.

పోత వస్తువైతే మరో లెక్క ఉంది. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది కనుక, 250 మి.మీ. ఇంపెల్లరును స్కాన్ చేసి అదే కొలతకు ప్యాటర్న్ (పోత అచ్చు తీయడానికి వాడే నమూనా) చేయిస్తే వచ్చే పోత రెండున్నర మి.మీ. చిన్నదవుతుంది.

మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెప్పుకోవాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. షెడ్డులో 35 డిగ్రీలు ఉన్నప్పుడు 300 మి.మీ. ఉక్కు సుమారు 0.052 మి.మీ. పెరుగుతుంది, ఆ సైజు బోరుకు హెచ్7 అనే ప్రామాణిక టాలరెన్సు (అనుమతించే తేడా) మొత్తం అంతే. అందుచేత బేరింగు కూర్చునే భాగాలను రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, అక్కడే మైక్రోమీటరుతో సరిచూస్తాను.

కంప్యూటరులో కొత్త గేరు మోడలు పూర్తయ్యాక అరిగిన గేరు స్కానును దాని మీద వేసి, ఎక్కడ ఎంత తేడా ఉందో చూపే రంగుల పటం తీయడం నాకు అలవాటు. చాలామంది దీన్ని కస్టమరుకు చూపించే అలంకారంగానే వాడతారు గానీ, చదవగలిగితే అందులో యంత్రం చరిత్ర ఉంటుంది. అరుగుదల పంటి వెడల్పు పొడుగునా సమానంగా ఉంటే అది వయసు వల్ల వచ్చినది. ఒక చివర మాత్రమే ఎక్కువగా ఉంటే షాఫ్టు వాలిందని అనుమానించాలి, అలాంటి చోట ఎంత మంచి కొత్త గేరు పెట్టినా అటువైపే తొందరగా తింటుంది. అప్పుడు గేరు పని మొదలుపెట్టకముందే ఫిట్టరుకు ఫోను చేసి, బేరింగు హౌసింగును కూడా విప్పి తెమ్మంటాను.