కమ్మరి కొడుకు చేతికి సుత్తి: కింగ్‌డమ్ కమ్ రెండు భాగాల ఆటతీరు

కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ అనే కంప్యూటర్ గేమ్ రెండో భాగం గురించి మాట్లాడేవారిలో చాలామంది దాని గ్రాఫిక్స్ దగ్గరో, కుట్టెన్‌బర్గ్ నగరం ఎంత పెద్దదన్న దగ్గరో ఆగిపోతున్నారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆటతీరులో వచ్చిన మార్పు. కథానాయకుడు అదే హెన్రీ, సంవత్సరం అదే 1403, దేశం అదే బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోది), తయారుచేసింది కూడా ప్రాగ్‌లోని అదే వార్‌హార్స్ స్టూడియోస్. 2018 ఫిబ్రవరి 13న వచ్చిన మొదటి గేమ్ కథ ఎక్కడ ఆగిందో, 2025 ఫిబ్రవరి 4న వచ్చిన రెండోది దాదాపు అక్కడే అందుకుంటుంది. మనిషీ కాలమూ మారలేదు కాబట్టి, ఈ ఏడేళ్లలో తయారీదారుల ఆలోచన ఎక్కడెక్కడ మారిందో కీబోర్డు మీద వేళ్లకే తెలిసిపోతుంది.

ఈ గేమ్‌లో మంత్రాలు లేవు, రాక్షసులు లేరు. రాజు, సామంతుడు, కోట, పన్ను, దోపిడీ మూక, వీటి మధ్య నలిగే పల్లె మాత్రమే ఉంటాయి. అదే కాలంలో మన దేవరకొండ, రాచకొండ దుర్గాలు రేచర్ల పద్మనాయకుల ఏలుబడిలో ఉండేవి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆ కోటగోడలు చూస్తూ పెరిగినవాడికి హెన్రీ లోకం పెద్దగా వింతగా తోచదు. అందుకేనేమో, మా ఊళ్లో కంప్యూటర్ గేములు ఆడే కొద్దిమందిలోనూ దీనికి అభిమానులున్నారు.

ముందుగా కత్తియుద్ధం సంగతి చూద్దాం. మొదటి భాగంలో నక్షత్రం ఆకారంలో ఐదు దిక్కులు ఉండేవి, వాటికి తోడు నడిమధ్యన పొడిచే దెబ్బ ఉండేది. మౌస్‌ను కాస్త కదిపితే దిక్కు మారుతుంది, ఆ దిక్కు నుంచి దెబ్బ పడుతుంది, ఎదుటివాడు ఆ వైపు కాచుకోకపోతే తగులుతుంది. కాగితం మీద ఇది చక్కటి ఏర్పాటు. కానీ మాస్టర్ స్ట్రైక్ అన్న ఎత్తు ఈ ఏర్పాటంతటినీ చెడగొట్టింది. ఎదుటివాడు కొట్టిన క్షణాన సరిగ్గా అడ్డుకుంటే, ఆ దెబ్బ ఏ దిక్కు నుంచి వచ్చినా సరే, హెన్రీ దాన్ని తప్పించి తిరుగులేని ఎదురుదెబ్బ వేసేవాడు. శత్రువులకూ ఇదే విద్య ఉండటంతో, ముందుగా చెయ్యెత్తినవాడే నష్టపోయేవాడు. వరుస దెబ్బలతో కట్టే కాంబోలు ఎన్ని నేర్చుకున్నా, మూడో దెబ్బ వరకు వెళ్లనిచ్చే ప్రత్యర్థి అరుదు. మా తమ్ముడు ఈ యుద్ధతంత్రం మొత్తాన్ని ఒక్క మాటలో చెప్పేవాడు: "అన్నా, నువ్వు ముందుగాల కొట్టకు. వాడు కొట్టేదాంక ఆగు, కొట్టంగనే క్యూ నొక్కు, అంతే." క్యూ అంటే దెబ్బను అడ్డుకునే మీట. వాడు చెప్పినట్టే చేస్తే గేమ్ మొదటి నుంచి చివరి దాకా గెలవవచ్చు. ఇది నిజజీవితానికి దగ్గరగా ఉన్న యుద్ధమని సమర్థించేవారిని చూశాను గానీ, ఇద్దరు యోధులు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోవడమే వాస్తవికత అంటే నేను ఒప్పుకోలేను.

రెండో భాగం ఈ రోగాన్ని సరిగ్గానే పట్టుకుంది. దిక్కులను నాలుగుకు తగ్గించారు: పైన, ఎడమ, కుడి, కింద. మాస్టర్ స్ట్రైక్‌ను కత్తులకే పరిమితం చేశారు, పైగా దెబ్బ వచ్చే వైపుకు ఎదురువైపున మన కత్తి ఉంటేనే అది పనిచేస్తుంది. ఈ చివరి నిబంధన చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దాని మూలంగా ప్రత్యర్థి భుజం ఎటు వంగుతోందో గమనించడం తప్పనిసరి అయింది. శత్రువులు కూడా దాన్ని మునుపటిలా ప్రతి దెబ్బకూ ప్రయోగించరు కాబట్టి మనమే ముందు కొట్టడానికి, కాంబో పూర్తిచేయడానికి వీలు దొరికింది. గొడ్డలి, గద పట్టుకున్నవాడికి ఆ ఎత్తు లేకపోవడం కూడా న్యాయంగానే ఉంది, ఎందుకంటే ఉక్కు కవచం మీద గద పడినప్పుడు అంత సూక్ష్మమైన విద్య అవసరం ఉండదు. మొదటి గేమ్‌లో నలుగురు చుట్టుముడితే చూపు ఒక్కడి మీదే బిగుసుకుపోయి, వెనకనుంచి ఎవరు కొట్టారో తెలియకుండానే చచ్చిపోయేవాళ్లం. ఇప్పుడు ఒకరి నుంచి మరొకరికి చూపు మార్చడం చాలా సులువైంది.

అయితే ఇందులో ఒక నష్టం ఉంది. మొదటి గేమ్‌లో ముఖ్య నైపుణ్యాలకు గరిష్ఠ స్థాయి 20 అయితే రెండోదానిలో అది 30. నిచ్చెన పొడవు పెరిగినా, మెట్లెక్కే కొద్దీ ఎదురయ్యే మనుషులు అంత వేగంగా ముదరలేదు. కథ సగం దాటేసరికి, మంచి కవచం వేసుకున్న హెన్రీకి దారిదోపిడీ దొంగలు లెక్కలోకి రారు. ఓడిపోతామన్న భయం ఈ గేమ్‌కు ప్రాణం. అది రెండో భాగంలో ఆట మొదటి మూడోవంతులో ఉన్నంతగా తర్వాత ఉండదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన మార్పు కొలిమి. హెన్రీ స్కాలిట్జ్ ఊరి కమ్మరి ఇంట్లో పెరిగినవాడు. మొదటి గేమ్ ఆరంభంలో తండ్రి కోసం బొగ్గు తేవడం, చివరిదాకా తండ్రి చేసిన ఖడ్గం కోసం వెతకడం ఉన్నాయి గానీ, ఆ గేమ్ మొత్తంలో మనం ఒక్క మేకు కూడా కొట్టలేం. సానరాయి మీద కత్తికి పదును పెట్టుకోవడం, మరమ్మతు సామాను కొనుక్కుని చిరిగినవాటిని, సొట్టపోయినవాటిని బాగుచేసుకోవడం, అంతవరకే. రెండో భాగం ఆ లోటును తీర్చింది. నమూనా కాగితం, ఇనుము సంపాదించుకుని కొలిమి దగ్గరికి వెళ్లాలి. తిత్తి ఊది ఇనుమును కాల్చాలి. పట్టకారుతో దాగలి మీద పెట్టి, తిప్పుకుంటూ, ఒకేచోట కాకుండా పొడవునా సమంగా సుత్తి దెబ్బలు వేయాలి. చల్లారితే మళ్లీ నిప్పులో పెట్టాలి. చివరన నీటిలో ముంచాలి. ఎంత వేడెక్కిందో చెప్పే కొలమానం తెర మీద ఏదీ ఉండదు, ఇనుము రంగు చూసి మనమే తెలుసుకోవాలి. నాగలి కర్రుకు మొన సాగదీయించుకోవడానికి వెళ్లిన రైతు పక్కన నిలబడి మా పల్లెల్లో కమ్మరి పని చూసినవారెవరైనా ఈ వివరాన్ని వెంటనే గుర్తుపడతారు, ఎందుకంటే ఆయన చూసేదీ ఆ రంగునే. దెబ్బలు లయలో పడుతుంటే హెన్రీ ఈల వేయడం మొదలుపెడతాడు. మనం సరిగ్గా కొడుతున్నామనడానికి అంతకుమించిన గుర్తు పెట్టకపోవడం తయారీదారుల రుచికి నిదర్శనం. మొదట్లో చేసిన గుర్రపునాడాలు అమ్మితే వచ్చే డబ్బు కూడా తక్కువేమీ కాదు, దొంగతనం మీద మనసు లేనివారికి అది నిజాయితీ గల సంపాదన.

మొదటి గేమ్‌లో ఉండి, ఇందులో లేనిదీ ఒకటుంది. అక్కడ హెన్రీకి చదువు రాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు తారుమారై అర్థంకాని ముద్దగా కనిపించేవి. ఉజిట్జ్ ఊళ్లోని లేఖకుడి దగ్గరకు వెళ్లి, డబ్బిచ్చి నేర్చుకున్నాక, చదివేకొద్దీ ఆ ముద్ద మెల్లగా మాటలుగా విడిపోయేది. ఒక నైపుణ్యం పెరగడమంటే ఏమిటో ఇంత స్పష్టంగా కళ్లకు కట్టిన ఏర్పాటును పాత్రను మెల్లగా ఎదిగించే ఇంకే గేమ్ (ఆర్పీజీ)లోనూ నేను చూడలేదు. రెండో భాగంలో హెన్రీకి చదవడం వచ్చు కాబట్టి దాన్ని మళ్లీ పెట్టడం కుదరదు, నిజమే. కానీ అతని కత్తివిద్యను మాత్రం ఆరంభంలో దాడి, గాయాలు అన్న సాకుతో నేలకు దించారు. కథపరంగా అది సరిపోయినా, మొదటి గేమ్‌లో అంత కష్టపడి తీర్చిదిద్దిన మనిషి మళ్లీ కర్ర తిప్పడం నేర్చుకుంటుంటే పాత ఆటగాడికి చిరాకు కలగక మానదు.

సేవ్ పద్ధతిలో మార్పు తక్కువే. రెండింటిలోనూ సొంత పడకలో నిద్రపోవాలి, లేదంటే సేవియర్ ష్నాప్స్ అనే మందు తాగాలి, ఇంకా కథలో ముఖ్య ఘట్టాల దగ్గర గేమ్ తనంతట తానే సేవ్ చేసుకుంటుంది. ఆట ఆపేటప్పుడు సేవ్ చేసి బయటికి వచ్చే వీలు మొదటి గేమ్‌కు విడుదలైన తర్వాత ఇచ్చిన సవరణ (ప్యాచ్)లో వచ్చింది, రెండోదానికి మొదటి రోజు నుంచే ఉంది. అయితే చెప్పకుండా కరెంటు పోయే ఊళ్లో ఇన్వర్టర్ లేకుండా ఆడేవారికి ఈ వీలు వల్ల లాభం లేదు. వేసవి సాయంత్రాల్లో ఆడే అలవాటున్న వారు ముందుగా ఆ ష్నాప్స్‌కు కావలసిన బెల్లడోనా మొక్క ఏరుకుని, మందు కాచుకునే విద్య నేర్చుకోవడం మంచిది. కాచే పద్ధతి రెండు గేముల్లోనూ దాదాపు ఒకటే: కుండలో ద్రవం పోయడం, ఆకు నూరడం, ఇసుక గడియారం తిప్పడం. ఇప్పుడు ఎంత జాగ్రత్తగా కాస్తే మందు అంత గట్టిగా వస్తుందన్నది అదనం.

నేరం, శిక్ష విషయంలో మాత్రం రెండో భాగం చాలా ముందుకు వెళ్లింది. మొదటి గేమ్‌లో దొరికితే జరిమానా కట్టడమో, కొన్నాళ్లు చెరసాలలో గడిపి రావడమో జరిగేది. ఇప్పుడు నేరం స్థాయిని బట్టి నలుగురిలో బొండకొయ్యకు బిగించడం, బెత్తం దెబ్బలు, కాల్చిన ఇనుముతో ముద్ర వేయడం ఉన్నాయి. ముద్ర పడ్డవాడు ఆ గుర్తు మానకముందే మళ్లీ పెద్ద తప్పుచేసి పట్టుబడితే ఉరి తప్పదు. దొంగతనం చేస్తుండగా ఎవరూ చూడకపోయినా, ఆ ఇంటి దగ్గర తచ్చాడుతూ కనిపించినవాడి మీద ఊరికి తర్వాత అనుమానం వస్తుంది. అందువల్ల తాళం ఎలా తీయాలన్నదానికన్నా, ఏ బట్టల్లో, ఏ వేళప్పుడు, ఎవరి కంటపడి వెళ్లామన్నది ముఖ్యమైపోయింది. క్షణంలో మార్చుకునేలా మూడు జతల దుస్తులు అమర్చుకునే సౌకర్యం ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

విల్లుకు తోడుగా వచ్చిన క్రాస్‌బో (మీట నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు) బాగుంది. ఒకసారి పేల్చాక మళ్లీ నింపేలోపు శత్రువు మీదికొచ్చేసే ఆనాటి తుపాకీ చూడటానికి వింతే తప్ప నా ఆటలో పెట్టెలోనే ఉండిపోయింది. ఆట మరీ తేలికైందని నాలాగే అనుకున్నవారికోసం 2025 ఏప్రిల్‌లో హార్డ్‌కోర్ విధానాన్ని ఉచితంగా ఇచ్చారు. మ్యాప్ మీద మనం ఎక్కడున్నామో అందులో కనిపించదు, కొన్ని లోపాలను ఏరి కోరి మన హెన్రీకి అంటగట్టుకోవాలి. మొదటి భాగం పూర్తిచేసినవారు నేరుగా ఈ విధానంలోనే మొదలుపెట్టవచ్చని నా అభిప్రాయం. మొదటిది ఆడనివారు మాత్రం మామూలు విధానంలో, కథ మొదలయ్యే ట్రోస్కీ ప్రాంతం వరకు ఆడి చూసి, ఆ తర్వాత నిర్ణయించుకోవడం మేలు.