దేవుడితో పేచీ

కష్టాలు భక్తికి పరీక్ష అని అందరూ అంటూనే ఉంటారు. కష్టంలో ఉన్న మనిషే ఆ మాట అనుకుంటే దానికొక బరువు ఉంటుంది కానీ, పరామర్శకు వచ్చినవారు అంటే అది పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది. ఒకరి దుఃఖానికి అర్థం చెప్పే హక్కు ఆ దుఃఖం పడుతున్నవారికే తప్ప పక్కవారికి లేదని నా అభిప్రాయం.

హెబ్రీ బైబిల్లోని యోబు కథ ఈ విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడండి. ఆస్తి, బిడ్డలు, ఆరోగ్యం వరుసగా పోగొట్టుకున్న యోబును చూడటానికి ముగ్గురు మిత్రులు వచ్చి, ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేల మీద కూర్చుని ఒక్క మాటైనా మాట్లాడరు. వారు చేసిన మంచిపని అదొక్కటే. తరువాత నోరు విప్పి, దేవుడు అన్యాయం చేయడు కనుక నువ్వే ఏదో పాపం చేసి ఉంటావని వాదిస్తారు. యోబు ఒప్పుకోడు, తాను పుట్టిన రోజును శపిస్తాడు, తనకు జవాబు చెప్పమని దేవుణ్ణే నిలదీస్తాడు. చివరకు దేవుడు ఎదుట నిలిచి మాట్లాడినప్పుడు యోబు తలవంచుతాడు, నిజమే. అయినా దేవుడి కోపం మాత్రం తనను వెనకేసుకొచ్చిన ఆ మిత్రుల మీదే. యోబు పలికినట్టు మీరు నన్ను గురించి సరిగా పలకలేదని వారితో అంటాడు.

మనకు బాగా తెలిసిన గజేంద్రుడూ అంతే. మొసలితో వెయ్యేళ్లు పోరాడి అలసిపోయిన తరువాత, దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పట్ల ఉన్నాడంటారు, ఇంతకీ "కలండనెడివాడు కలడో లేడో" అని పోతన అతని చేత అనిపించాడు. శరణాగతి పద్యం వచ్చేది ఆ సందేహం తరువాతే, అదీ అదే మొరలో. సందేహం తీరాక పిలుద్దామని గజేంద్రుడు ఆగలేదు, సందేహంతోనే పిలిచాడు. కష్టంలో బలపడే విశ్వాసం ఇలాంటిదేనని నాకనిపిస్తుంది: ప్రశ్న ఉంటుంది, కోపమూ ఉంటుంది, కానీ మాట్లాడటం మాత్రం ఆగదు.

నాకు తెలిసిన ఒకావిడ కొడుకు పోయిన తరువాత ప్రార్థన మానేశారు. అయినా రోజూ ఆ వేళకు అదే చోట, పుస్తకం మూసిపెట్టుకుని కూర్చునేవారు. ఎందుకని అడిగితే, "ఆయన మీద కోపం వచ్చింది కానీ, ఆయన లేడని అనుకోలేదుగా" అన్నారు. నెలలు గడిచాక పుస్తకం తెరిచారు. కానీ అంతకుముందులా ఇది కావాలి, అది కావాలి అని అడగడం మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు.

అలాగని కోపమంతా మంచిదేనని చెప్పడానికి వీల్లేదు. అమెరికాలో ఆసుపత్రిలో చేరిన వృద్ధులను రెండేళ్లపాటు గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దేవుడు తమను వదిలేశాడనో, తమను ప్రేమించడం లేదనో కుమిలిపోయినవారిలో మరణించే ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది. అందువల్ల అలాంటి మాట అన్నవారిని నోరు నొక్కి కూర్చోబెట్టడం కంటే, వారి మాట పూర్తిగా వినడం అవసరం.

కష్టం గట్టెక్కాక విశ్వాసం దానంతటదే తీపిగా మారుతుందన్న హామీ కూడా లేదు. 1997లో మరణించిన మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయినప్పుడు, ఆమె దశాబ్దాల తరబడి దేవుడి సాన్నిధ్యం తెలియని చీకటిలోనే గడిపారని తెలిసి చాలామంది కంగుతిన్నారు, కొందరు ఆమె భక్తినే శంకించారు. నాకు మాత్రం ఆమె మీద గౌరవం పెరిగింది. ఏ ఊరటా దొరకకపోయినా ఆమె ప్రార్థనా ఆపలేదు, రోగుల సేవా ఆపలేదు. ఆ ఊరట దొరక్క విశ్వాసాన్నే వదులుకున్నవారూ ఎందరో ఉన్నారు; వారిని పరీక్షలో తప్పినవారిగా లెక్కగట్టే పని మనలో ఎవరికీ ఎవరూ అప్పగించలేదు.