క్రౌన్ పోలేదు, పోసిన ఆయిలే తప్పు

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ లోపల బండి మలపడం ఎంత కష్టమో పోయినవాళ్లకే తెలుసు. అటు బస్తాల లాట్లు, ఇటు ట్రాక్టర్లు, మధ్యలో హమాలీలు. అక్కడ స్టీరింగ్ పూర్తిగా కొట్టి మెల్లగా మలుపుతుంటే మా పికప్ వెనక నుంచి ‘గుర్ర్ టక్ గుర్ర్’ అని చప్పుడు, టైర్లు ఎగిరెగిరి పడ్డట్టు కుదుపు. నేరుగా పోతే ఏమీ లేదు. వారం కిందటే క్రౌన్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె) ఆయిల్ మార్పించాను కాబట్టి ఆయిల్ మీద అసలు అనుమానమే రాలేదు.

మొదట చూపించిన గ్యారేజీలో హౌసింగ్ విప్పకుండానే “క్రౌన్, పినియన్ సెట్టు మొత్తం మార్చాలె” అన్నారు. నాకు టెన్షన్. మా కాకేమో “140 నంబర్ చిక్కటి ఆయిల్ పొయ్‌రా, చప్పుడు సచ్చూరుకుంటది” అన్నాడు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మిస్త్రీ బండి ఎక్కి రెండు రౌండ్లు తిప్పి, దిగి, ఒక్కటే అడిగాడు. “ఏం ఆయిల్ పోసినవ్ తమ్మీ? ఇది ప్లేట్ల క్రౌన్.”

మామూలు డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు, మేం క్రౌన్ అనేది దీన్నే) ఉన్న బండి రేగడి బురదలో దిగితే ఒక చక్రం ఊరికే తిరుగుతుంది, రెండోది కదలదు. మా బండిలో ఉన్న లిమిటెడ్ స్లిప్ రకంలో, అంటే ఆ ప్లేట్ల క్రౌన్‌లో, క్లచ్ ప్లేట్ల కట్ట ఒకటి ఉండి, ఆ రాపిడితో కొంత పట్టు రెండో చక్రానికి కూడా అందుతుంది. మా పరకాల వైపు చేన్లలో వానాకాలం నేను బయటపడేది దానివల్లే. కానీ మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి కదా, అప్పుడు ఆ ప్లేట్లు ఒకదానిమీద ఒకటి నున్నగా జారాలి. ఉత్త జీఎల్-5 (గేర్ ఆయిల్‌లో ఒక రకం) ఆయిల్‌లో అవి పట్టుకుని వదులుతూ, పట్టుకుని వదులుతూ పోతాయి. ఆ గుర్ర్ అదే. జారడానికి ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందు కావాలి. డబ్బా మీద ఎల్ఎస్ (లిమిటెడ్ స్లిప్) అని ఉంటే అది ముందే కలిసి ఉంటుంది, లేకపోతే విడిగా కొని కొలత ప్రకారం కలపాలి. మంచిదని ఎక్కువ పోస్తే ప్లేట్లు మరీ జారి, ఉన్న లిమిటెడ్ స్లిప్ కాస్తా మామూలు క్రౌన్ అయిపోతుంది. అన్నట్టు, ప్లేట్లు లేకుండా గేర్లతోనే పనిచేసే రకాలకు సాధారణంగా ఈ మందు అవసరం లేదు. అందుకే బండి పుస్తకంలో ఏముందో చూసి కొనండి, షాపువాడు ‘అన్నిటికీ ఇదే పోస్తారన్నా’ అంటే వినకండి.

ఆయిల్ డబ్బా మీది నంబర్ల సంగతి: 80డబ్ల్యూ-90లో ముందున్న 80 చలికి సంబంధించింది, మే నెల ఓరుగల్లులో దానితో పనేం లేదు. వెనకున్నదే వేడిలో చిక్కదనం. పెద్ద లోడుకు 140 పోయొచ్చని పుస్తకంలో ఉంటే పోయండి, కానీ చిక్కదనం పెంచితే ప్లేట్ల చప్పుడు పోతుందనుకోవడం మా కాక భ్రమే. మిగిలిన జీఎల్-5ని జీఎల్-4 అడిగే గేర్‌బాక్సులో కూడా పోయకండి, లోపలి ఇత్తడి రింగులు పాడయ్యే ప్రమాదం ఉంది.

మిస్త్రీ ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పాడు, కింది డ్రెయిన్ బోల్టు తర్వాత. ఆయిల్ దించేశాక పైది రాకపోతే బండి అక్కడే కూర్చుంటుందట. డ్రెయిన్ బోల్టు మాగ్నెట్‌కు కాటుకలాంటి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపి చూపించి “ఇది మామూలే, పెచ్చులు వస్తేనే భయపడాలె” అన్నాడు. హౌసింగ్ మీది బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే గొట్టం) మాత్రం మట్టితో మూసుకుపోయి ఉంటే ఊది కడిగాడు. అది మూసుకుంటే లోపలి గాలి సీళ్లను తోసి ఆయిల్ బ్రేకు లైనర్ల మీదికి వస్తుంది.

ఇంకో మాట, ఇలాంటి బండికి ఒక్క చక్రం జాకీ మీద లేపి ఇంజిన్ గేర్‌లో అస్సలు తిప్పకండి, నేల మీదున్న చక్రం లాగి జాకీ మీంచి దూకుతుంది.

ఎల్ఎస్ ఆయిల్ పోశాక ఖాళీ గ్రౌండులో ఎనిమిది అంకెలా ఓ పదిసార్లు తిప్పమన్నాడు, కొత్త ఆయిల్ ప్లేట్ల మధ్యకు పోవాలని. మొదటి రెండు మూడు రౌండ్లు గుర్రుమంది. ఆరో రౌండుకి వినపడేది ఇంజిన్ ఒక్కటే. మరుసటి రోజు హౌసింగ్ మీద తెల్ల పెయింటుతో ‘ఎల్ఎస్ ఆయిల్ మాత్రమే’ అని రాసి పెట్టాను.