మా బాబు మలబద్ధకం: ఎక్స్‌రే కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు (నా అనుభవం)

మా వాడికి ఐదేళ్లు. మోషన్ వచ్చేలా ఉంటే కాళ్లు మెలిపెట్టుకుని, మొహం ఎర్రబడేదాకా కర్టెన్ వెనకే నిలబడేవాడు. అత్తయ్య తమలపాకు తొడిమకు ఆముదం రాసి పెట్టేవారు. ఆ పూటకి వచ్చేది, మళ్లీ మామూలే. పైగా పగలు స్కూల్లో కూడా నిక్కరు తడుపుకోవడం మొదలైంది.

మొదట చూపించిన చోట కడుపు ఎక్స్‌రే తీసి, 'మలం నిండుగా ఉంది' అని రాసి సిరప్ ఇచ్చారు. తగ్గలేదు. ఆ ఫిల్ము తీసుకుని పిల్లల జీర్ణకోశ నిపుణురాలి దగ్గరికి వెళ్లాం.

ఆవిడ ఫిల్ము పక్కన పెట్టి ముందు ప్రశ్నలు అడిగారు. పుట్టాక మొదటిసారి వచ్చే నల్లటి మలం 48 గంటల్లోపే వచ్చిందా? ఆకుపచ్చ వాంతులు, పొట్ట ఉబ్బడం ఉన్నాయా? బరువు పెరుగుతున్నాడా? చెడ్డీకి అంటుతోందా? అంటుతోందన్నాను. లోపల గట్టిపడిన మలం పక్కనుంచి పలచగా జారేది అదేనట, విరేచనాలు కావట. నొప్పికి భయపడి వాడు బిగపట్టుకుంటున్నాడని చెప్పి, పొట్ట కింది భాగంలో గట్టిగా తగిలే ఉండను నా వేళ్లతోనే తాకించారు.

"ఏ పిల్లాడి పొట్ట ఎక్స్‌రే తీసినా ఎంతో కొంత మలం కనిపిస్తుందమ్మా. ఒకే ఫిల్ముని ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదువుతారు" అన్నారు. యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ నిపుణుల సంఘాలు 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మామూలు మలబద్ధకాన్ని నిర్ధారించడానికి ఎక్స్‌రే అక్కర్లేదనే చెబుతున్నాయి. రేడియేషన్ ఎంత తక్కువైనా, అవసరం లేనప్పుడు పిల్లలకి ఎందుకు? ఈ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పాల్సింది.

వాడికి అల్ట్రాసౌండ్ స్కాన్ రాసింది జబ్బు పేరు తేల్చడానికి కాదు, నిక్కరు ఎందుకు తడుస్తోందో చూడటానికి. నీళ్లు బాగా తాగించి, మూత్రసంచి నిండాక పొట్ట మీద జెల్ రాశారు. చల్లగా ఉందని వాడు మెలికలు తిరిగాడు. తెర మీద మూత్రసంచి నల్లగా, దాని వెనక తెల్లటి వంపు. అదే మలాశయం. అడ్డంగా కొలిస్తే 4 సెంటీమీటర్లు దాటింది. సాధారణంగా 3 దాటితే సాగినట్టు లెక్కట. అది మూత్రసంచిని నొక్కుతోంది.

బేరియం ఎనిమా (మలద్వారం గుండా బేరియం ద్రవం ఎక్కించి తీసే ఎక్స్‌రే) కూడా చేస్తారేమోనని నాకు టెన్షన్. పేగు చివర నరాల కణాలు లేకుండా పుట్టే హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు అనుమానం ఉంటేనే అది చేస్తారట, ఆ జబ్బు ఉందని ఖాయమయ్యేది మాత్రం బయాప్సీతోనేనట, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. మావాడికి ఆ లక్షణాలేవీ లేవు.

మలాన్ని మెత్తబరిచే పాలిఇథిలిన్ గ్లైకాల్ పౌడర్ ఇచ్చారు. మొదట పేరుకున్నదంతా పోయేలా ఎక్కువ డోసు, తర్వాత రోజూ కొంచెం. తిన్నాక పాదాల కింద పీట వేసి టాయిలెట్ మీద కూర్చోబెడుతున్నాం. పగటి తడి ఆగిపోయింది. సాగిన మలాశయం సర్దుకోవడానికి నెలలు పడుతుందని, మందు హఠాత్తుగా ఆపొద్దని చెప్పారు. అందుకే పౌడర్ ఇంకా నడుస్తోంది.