200 యూనిట్ల లోపు ఉండడానికి మా ఇంట్లో చేసిన పనులు

తెలంగాణలో ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లంతా మనమే కట్టాలి. దాటిన నాలుగు యూనిట్లకు కాదు, మొదటి యూనిట్ నుంచీ. 198 వస్తే సున్నా. 215 వస్తే మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, మిగతా 15కు రూ.7.70 చొప్పున కరెంటు చార్జీలే రూ.1,135 దాటుతాయి. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వేరే.

మహబూబ్‌నగర్‌లో మాది 120 గజాల్లో కట్టిన స్లాబు ఇల్లు. చలికాలమంతా జీరో బిల్లే. ఏప్రిల్, మే వస్తే మాత్రం టెన్షన్. పాలమూరు ఎండల్లో ఫ్యాన్ ఆపమని అమ్మకు ఎట్లా చెప్తాం? అందుకే గాలి తగ్గకుండా యూనిట్లు తగ్గే దారి వెతికాను.

రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే మీటర్ రీడింగ్ రాసుకోవడం మొదలుపెట్టాను. రాత్రిపూటే ఎక్కువ కాలుతోందని అప్పుడు తెలిసింది. టీవీ, లైట్ల పాత్ర అందులో చాలా తక్కువ. ఫ్యాన్లు, కూలర్, ఫ్రిజ్ తినేదే ఎక్కువ. మా పాత ఫ్యాన్ 75 వాట్లది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 28 వాట్లతో అంతసేపు తిరిగినా 13 దాటదు. ఒక్క ఫ్యాన్‌కే 21 యూనిట్లు మిగులుతాయి. మూడు గదుల్లోనూ మార్చేశాం. సీలింగ్ ఫ్యాన్లకు 2023 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి కొనేటప్పుడు అది చూడండి. పాత రెగ్యులేటర్ తీసేయించాలి, దానితో ఈ ఫ్యాన్లు సరిగ్గా నడవవు.

అసలు కష్టం స్లాబుతోనే. పగలంతా మింగిన వేడిని అది రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. సున్నం చవకే కానీ వానలకు కొట్టుకుపోతుందని ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ వేయిద్దామనుకున్నాం. పెయింటర్ "ఏ తెల్ల రంగైనా ఒకటే అన్నా" అన్నాడు. ఒకటి కాదు. ఎండను ఎంత తిప్పికొడుతుందో, వేడిని ఎంత వదిలేస్తుందో చెప్పే ఎస్‌ఆర్‌ఐ అనే అంకె ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. డబ్బా మీద ఆ అంకె ఉన్నదే తెచ్చాం. స్లాబు మీది పాచి గీకించి, కడిగించి, పగుళ్లు పూడ్పించి, బాగా ఆరాక ప్రైమర్, ఆపైన రంగు రెండు పూతలు వేయించాం. ఎండలు ముదరకముందే మార్చిలో, పొద్దున పూటే చేయించాం. ఇప్పుడు మధ్యాహ్నం ఉత్త కాళ్లతో డాబా మీద నిలబడగలుగుతున్నాం. అర్ధరాత్రికి కూలర్ ఆపేస్తున్నాం. ఈసారి మే బిల్లు 200 లోపే వచ్చింది.

దీనికి ఏమైనా సాయం దొరుకుతుందేమోనని ఒక ఆఫీసులో అడిగితే "మీ ఇంటికి వర్తించదు సార్" అన్నారు. నిజమే. 2023 ఏప్రిల్‌లో తెచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్లలో మాత్రం 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే. చిన్న ఇళ్లవాళ్లది వాళ్ల ఇష్టం. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టంలోని భవన నియమాలు కూడా 100 కిలోవాట్ల లోడు నుంచే మొదలవుతాయి, అంటే ఇళ్లలో పెద్ద అపార్టుమెంట్లకే. ఆ హద్దును తగ్గించుకునే వీలు రాష్ట్రాలకుంది. పెద్ద భవనాలకు నియమం పెట్టడం మంచిదే. కానీ వేడికి ఎక్కువ నలిగేది రేకుల కింద, చిన్న స్లాబుల కింద ఉన్నవాళ్లు. వాళ్లకు "మీ ఇష్టం" అంటే సరిపోదు, చేతికి కొంత డబ్బు కూడా అందాలి. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షలకు తోడు పైకప్పు రంగుకూ కొంత కలిపితే, కట్టేటప్పుడే ఆ పని అయిపోతుంది.

దేవరకద్రలో మా చెల్లెలి ఇందిరమ్మ ఇంటికి స్లాబు పడింది. క్యూరింగ్ పూర్తయి స్లాబు బాగా ఆరేదాకా రంగు వేయించొద్దని బావకు చెప్పాను. నీళ్లు నిలవకుండా వాటం ఇప్పుడే చూసుకోమన్నాను.